మా కూచిపూడి ప్రయాణము

కృష్ణామండలమున మొవ్వకు సమీపమున నున్న కూచిపూడి గ్రామమును గూర్చి వినని తెలుగు గృహిణి యుండదు. పిల్లలకు గజ్జె కట్టించిన తల్లులనేకులు ఆ గ్రామమునకు పోయి అమ్మవారిని దర్శించి వచ్చుచుందురు. మేము మాత్రము అక్కడికి వేడుకకు పోలేదు. ఒక తప్పు ఒప్పుకొనుటకు పోయితిమి. ఆ తప్పు మాదే గనుక సోదరీమణులకు దాపరికము లేక విన్నవించుకొనుచున్నాము.

మాది భీమవరము దాపున నొక చిన్న పట్టణము. మా వీధి స్త్రీలము కూడి నడపుకొనుచున్న సమాజ మొకటి కలదు. అందు వారమునకు రెండు దినములు మా యూరి యువతి యొకతె బాలికలకు కూచిపూడి నాట్యము నేర్పును. ఆమె నెమ్మదిగా నేర్పును. “ఏండ్లు గడచినను అడుగులే వేయించుచున్నది” అని కొందరు తల్లులు గొణుగుచుండెడివారు. గడచిన వేసవిలో కూచిపూడినుండి వృద్ధులైన యొక గురువుగారిని ఏడు దినములకు రప్పింపవలెనని మాకు కోరిక పుట్టెను. కోరికలో తప్పు లేదు. లెక్క వేసి చూడగా గురువుగారి సంభావన 15,000 రూపాయలు, మృదంగము వాయించువారి సంభావన, ఇరువురి రానుపోను ఖర్చు, బస, భోజనము, మందిరపు అద్దె కలిసి మొత్తము 42,000 రూపాయలు తేలెను. తలకు 1,500 రూపాయల చొప్పున రుసుము పెట్టినచో 28 మంది చేరవలెను. అంతటి పెద్ద గురువునొద్ద నేర్చుకొనదగిన అభ్యాసము గల పిల్లలు మా యూర 11 మందియే. తక్కిన 17 మందిని ఎక్కడనుండి తెత్తుము?

ఈ ప్రశ్నకు మేము కనిపెట్టిన సమాధానమే మా తప్పు. “ఇంతవరకు గజ్జె కట్టనివారును చేరవచ్చును. ఏడే దినములలో ఇత్తడి పళ్లెముపై తరంగము” అని కరపత్రములు అచ్చు వేయించితిమి. పైన గురువుగారి పేరు పెద్ద యక్షరములలో, క్రింద పళ్లెము అంచుపై నిలిచిన నర్తకి బొమ్మ. ఆ పత్రమునే సెల్ ఫోనులలో ఊరంతయు పంపితిమి. గురువుగారికి మాత్రము పంపలేదు. మరచితిమని అప్పుడనుకొంటిమి, ఆయన చూచినచో ఒప్పుకొనరని లోలోపల నెరిగియే పంపలేదని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాము. క్రొత్త పిల్లలు 20 మంది చేరిరి. ఖర్చులు పోగా 4,500 రూపాయలు మిగులునని మురిసితిమి.

ఆ క్రొత్తవారిలో మా వీధి చివర రవికెలు కుట్టి సంసారము గడపుకొను నొక యిల్లాలి కూతురు కలదు. తొమ్మిదేండ్ల పిల్ల. ఆ తల్లి రాత్రులు కుట్టుమిషను తొక్కి కూడబెట్టిన సొమ్ము మా చేతికిచ్చి, “ఏడు రోజుల్లో నిజంగా వచ్చేస్తుందాండి?” అని యడిగెను. “అచ్చు వేయించితిమి గదా!” అని మేమంటిమి. ఆ మాట ఇప్పటికిని మా చెవులలో గింగురుమనుచున్నది.

మొదటి దినముననే గురువుగారు పిల్లల వరుసను చూచి, పిదప మమ్ము చూచి, “వీళ్ళలో చాలామందికి నిలబడ్డమే రాదే!” అనిరి. అంతకంటె నొక్క మాటయు అనలేదు. నాటినుండి సగము సమయము క్రొత్తవారికి నిలుచుట నేర్పుటలోనే పోయెను. ఏండ్ల తరబడి అభ్యసించి, అభినయమున నొక్క మెలకువ యైనను తెలిసికొందమని వచ్చిన పెద్ద పిల్లలు గోడకు చేరబడి చూచుచు కూర్చుండిరి. క్రొత్తవారికి రాలేదు, పాతవారికి దొరకలేదు. ఇది చాలదన్నట్లు మా యూరి యువతివద్ద నేర్చుచున్న నలుగురు పిల్లలను తల్లులు మాన్పించిరి. “ఏడు దినములలో వచ్చుదానిని ఈమె మూడేండ్లు సాగదీసినది” అని వారి వాదము. ఆ వాదమును వారికి నేర్పినది మా కరపత్రమే.

ఏడవనాటి సాయంకాలము తలిదండ్రులు చేరి “పళ్లెమేది?” అని యడిగిరి. గురువుగారు కూడదనిరి. మేము వినక, ఫోటో కొరకు ఒక్క క్షణమే యని, ఆ కుట్టుపని యిల్లాలి కూతురిని పళ్లెమెక్కించితిమి. పళ్లెము జారెను, చీలమండ మడతపడెను. దైవకృపచేత ఎముక విరుగలేదు గాని మూడు వారములు పిల్ల మంచము దిగలేదు. ఆ రాత్రియే గురువుగారు సంభావన కవరును బల్లమీద వదలి, మాతో పలుకక, బండికి వెళ్ళిపోయిరి.

ఆ కవరు తీసికొని ఆషాఢమాసమున నొక యుదయమున మేము నలుగురము బయలుదేరితిమి. భీమవరమున రైలెక్కి ఆకివీడు, కైకలూరు మీదుగా గుడివాడ చేరితిమి. ఆ దారిపొడుగున కొల్లేటి ప్రాంతపు చేపల చెరువులు అద్దములవలె మెరయుచుండును. గుడివాడలో బస్సెక్కి పామర్రు, పామర్రులో చల్లపల్లి వైపు పోవు బస్సెక్కి కూచిపూడి. కాలువలకు నీరు వదలిరి. నారుమళ్ళు పచ్చపచ్చగా నుండెను. మోకాలిలోతు బురదలో నడుములు వంచి స్త్రీలు నారు తీయుచుండిరి. మాలో పెద్దామె కిటికీలోనుండి చూచి, “వరి కూడ ఏడు దినములలో పండునని అచ్చు వేయించినచో ఈ రైతులు నవ్విపోదురు గదా!” అనెను. మా కెవ్వరికిని నవ్వు రాలేదు.

కూచిపూడిలో దిగినవారికి మొదట ఆశ్చర్యము కలుగును. అదియు అన్ని యూళ్ళవంటి యూరే. టిఫిను దుకాణములు, ఎరువుల కొట్లు, ఆటోలు. అయితే వీధి మలుపు తిరిగినంతనే ఒక యింటిలోనుండి చెక్కపై కర్రతో తాళము వేయు చప్పుడును, లేతపాదములు నేలను తట్టు చప్పుడును కలిసి వినవచ్చెను. బాలాత్రిపురసుందరీ సమేతుడైన రామలింగేశ్వరస్వామి యాలయమునకు పోయి ముందుగా నమస్కరించితిమి. ఇక్కడి నాట్యమునకు ఈ అమ్మవారి సన్నిధియే తొలి రంగస్థలము.

ఈ కళను తీర్చిదిద్దినవాడు సిద్ధేంద్రయోగి యని ఇక్కడివారి సంప్రదాయము. వేదాంతము, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల మొదలగు ఇంటిపేర్లవారు తరతరములుగా దీనిని కాపాడిరి. గోలకొండ ప్రభువైన తానీషా వీరి యాట చూచి మెచ్చి ఈ గ్రామమును దానమిచ్చెనని చెప్పుకొందురు. చిరకాలము పురుషులే స్త్రీవేషములు వేసిరి. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారివంటి పెద్దలు స్త్రీలకును నేర్పిరి. వెంపటి చినసత్యంగారు 1963లో మదరాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి ఎందరో బాలికలకు శిక్షణ యిచ్చిరి. నేడు మన యాడపిల్లలు గజ్జె కట్టుచున్నారన్న అది ఇటువంటివారి చలువయే.

ఊరూర తిరుగుట కూచిపూడివారికి క్రొత్త గాదు. భాగవత మేళములు కట్టి గ్రామములు తిరిగి, కాగడాల వెలుతురున తెల్లవార్లు ఆడిన చరిత్ర వారిది. అయితే వారు తిరిగినది ప్రదర్శించుటకు. నేర్చుకొన్నది మాత్రము ఒకేచోట, ఒకే గురువునొద్ద, చిన్ననాటినుండి. ఈ రెంటికిని గల భేదమును మేము కరపత్రములో చెరిపివేసితిమి.

గురువుగారి యింటి వసారాలో పదిమంది పిల్లలు అభ్యాసము చేయుచుండిరి. మమ్ము చూచి ఆయన కర్ర క్రింద పెట్టి, “రండమ్మా, కూర్చోండి. ఆ పిల్ల కాలు ఎలా ఉంది?” అని యడిగిరి. మమ్ము నిందింతురని సిద్ధపడి పోయిన మాకు ఆ ప్రశ్నతో కన్నీళ్ళు వచ్చెను. నడచుచున్నదని చెప్పి, కరపత్రమును, కవరును ఆయన యెదుట నుంచితిమి. ఆయన కండ్లజోడు పెట్టుకొని పత్రమును రెండు మారులు చదివిరి. చాలసేపు మాటాడలేదు.

పిదప వరుస చివరనున్న యొక చిన్నపిల్లను చూపి, “ఇది నాలుగు నెలలనుంచి వస్తోంది. ఏం వచ్చో చూడండి” అనిరి. ఆ పిల్ల అరమండిలో నిలిచి ఒకే యడుగును మొదటి కాలమున, రెండవ కాలమున, మూడవ కాలమున వేసి చూపెను. మూడవ కాలమున వేగము రెట్టింపైనను మోకాళ్ళు ముందుకు వాలలేదు, నడుము లేవలేదు. “ఇంతేనా?” అని మేమడుగలేదు గాని మా ముఖములే యడిగెను కాబోలు, గురువుగారు నవ్వి, “మీరు ఒకసారి నిలబడండమ్మా” అనిరి. నలుగురము కొంగులు బిగించి అరమండిలో నిలిచితిమి. ఆయన ఇరువది లెక్కించులోపల మాలో ఇరువురము గోడ పట్టుకొంటిమి. పిల్లలందరు నోటికి చేతులడ్డము పెట్టుకొని నవ్విరి.

అప్పుడాయన చెప్పిన సంగతులు ప్రతి తల్లియు వినదగినవి. నందికేశ్వరుని అభినయదర్పణమున శిరోభేదములు 9, దృష్టిభేదములు 8, గ్రీవాభేదములు 4, ఒంటిచేతి హస్తములు 28. వీనిని పేర్లతో అప్పగించుటకు వారము చాలవచ్చును. కాని శరీరమున నిలుపుకొనుటకు ఏండ్లు పట్టును. తాళమున చతురశ్రము 4, తిశ్రము 3, మిశ్రము 7, ఖండము 5, సంకీర్ణము 9 అక్షరములుగా నడచును. పాదము వీనిని తడబడక పలుకవలెను. పళ్లెముపై తరంగమాడునప్పుడు పాదములు అంచును పట్టియుండగా, పై శరీరము అభినయము చేయుచుండగా, పళ్లెము తాళమును తప్పక జరుగవలెను. తలపై నీటిచెంబు పెట్టుకొని ఆడువారును కలరు. ఇది శిక్షణకు చివరి ఫలము గాని తొలి మెట్టు గాదు. “కాలు నేలమీద నిలవడం నేర్చుకున్నాకే పళ్ళెం, అమ్మా” అనిరి.

పిమ్మట భామాకలాపమును తలచిరి. ఆ యూరివారే యైన వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935–2012) సత్యభామ వేషమునకు పేరెన్నికగన్నవారు. 1970లో పద్మశ్రీ పొందిరి. భామాకలాపమున సత్యభామ ముఖము చూపుటకు ముందు తెరమీదుగా తన జడను వెలికి వేయును. అది పందెము. “నన్ను మించినవారున్నచో వచ్చి గెలువుడు, ఓడినచో జడ కోసి యిత్తును” అని దాని యర్థమని పెద్దలు చెప్పుదురు.

“ఆ జడ ఎవరిదమ్మా?” అని గురువుగారడిగిరి. “తెర వెనకాల నుంచున్నవాడిదే. తన విద్య ఎంతో తనే చెప్పుకున్నాడు, ఓడితే తన జడే పోతుంది. మీ కాగితమూ అలాంటి ప్రకటనే. కాకపోతే మీరు తెరమీద వేసింది నా పేరు, ఆ పిల్ల కాలు. అందులో మీ జడ లేదు.”

మేము తలలు వంచుకొంటిమి. ఆయన మరల తామే, “నా తప్పూ ఉంది. ఎవరొస్తున్నారు, ఎన్నేళ్ళు నేర్చుకున్నారు అని నేను ముందే అడగాల్సింది. ఇంట్లో ఖర్చులున్నాయి, అడిగితే పిలుపు పోతుందేమో అనుకున్నాను” అనిరి. కవరు విప్పి, సంభావనలో సగము 7,500 రూపాయలు తీసికొని, తక్కిన సగము మాకిచ్చి, “ఇది కొత్తపిల్లల తల్లులకి ఇవ్వండి” అనిరి. వలదని ఎంత చెప్పినను వినలేదు.

ఆ మధ్యాహ్నమే, ఆయన చెప్పుచుండగా, మేము క్రొత్త ప్రకటన వ్రాసితిమి. అందలి మాటలివి: “ఈ మూడు దినముల పాఠము మూడు సంవత్సరములకు తక్కువ కాకుండ నేర్చినవారికి మాత్రమే. గురువుగారు ఒక్క పదమునకు అభినయము చెప్పుదురు. క్రొత్త నృత్యము పూర్తిగా నేర్పరు. మొదటిసారి నేర్వగోరు పిల్లలు ఒక సాయంకాలము వచ్చి రుసుము లేక చూడవచ్చును. పిదప నేర్వదలచినవారు మన యూరి ఉపాధ్యాయినివద్ద చేరవలెను. అడుగులు నిలుచుటకే నెలలు పట్టును.” దానిని గురువుగారికి చదివి వినిపించి, ఆయన సరే యన్న పిదపనే మడచి సంచిలో పెట్టుకొంటిమి. మరలునప్పుడు దాపుననే యున్న మొవ్వకు పోయి క్షేత్రయ్య కొలిచిన గోపాలస్వామిని దర్శించి చీకటిపడులోపల పామర్రు చేరితిమి.

ఇంటికి వచ్చినపిమ్మట 20 మంది తల్లులకు 30,000 రూపాయలు తిరిగి యిచ్చితిమి. గురువుగారిచ్చిన 7,500, మాకు మిగిలిన 4,500 పోగా, తక్కిన 18,000 మేము నలుగురము తలకు 4,500 చొప్పున వేసికొంటిమి. ఒకరు గాజులు కొనుట మానిరి, ఒకరు భర్తకు సంజాయిషీ చెప్పుకొనిరి. జడ పందెము వేసినవారు జడ ఇయ్యవలసినదే గదా! మా యూరి యువతి యింటికి పోయి క్షమాపణ వేడితిమి. ఆమె, “పిల్లల్ని పంపండి చాలు” అని మాత్రమనెను. మానిన నలుగురిలో ముగ్గురు తిరిగి చేరిరి.

దసరాకు క్రొత్త ప్రకటన వేయించితిమి. 13 మందియే చేరిరి. మూడు దినములే గనుక ఖర్చు తగ్గెను. అయినను కొంత లోటు వచ్చెను. ఆ లోటును ముందే లెక్కలో చూపి సమాజపు సభ్యులచేత ఒప్పించితిమి. మూడు దినములును గురువుగారు ఒక్క పదమునే నేర్పిరి. ఆ పదమున నాయిక తలుపువైపు చూచు చూపును పెద్ద పిల్లలచేత ఎన్నిమారులు చేయించిరో లెక్కలేదు. చివరినాడు వారిలో ఒకతె అట్లు చూచినప్పుడు, వాకిట నిజముగా ఎవరో వచ్చిరని మేమందరము తల త్రిప్పితిమి. వేసవిలో ఏడు దినములలో రానిది అది.

ఈ దేశమున నేడు నాట్యము, సంగీతము, చిత్రలేఖనము నేర్పుటకు దూరమునుండి పెద్దలు వచ్చుట సామాన్యమైనది. విదేశములందున్న మన తెలుగువారును సెలవులలో ఇక్కడి గురువులను రప్పించుకొనుచున్నారు. అది కళకు మేలే. అయితే ప్రకటన చేతికి వచ్చినప్పుడు తల్లులు కొన్ని ప్రశ్నలడుగుట మంచిది. ఈ పాఠము ఎవరికొరకు? మా పిల్లకు ఉండవలసిన అభ్యాసమెంత? ఎందరిని ఒక్కచోట కూర్చుదురు? గురువుగారు వెళ్ళిన మరునాడు నేర్పువారెవరు? ఈ ప్రకటన గురువుగారు చదివిరా? ప్రకటన వేయువారును, “ఈ సొమ్ము ఎందుకు కావలెను?” అని తమ్ము తాము మొదట ప్రశ్నించుకొనవలెను. లెక్క సరిపుచ్చుటకై పిల్లలను చేర్చుట కంటె, లోటున్నదని ముందే చెప్పి చందా అడుగుట గౌరవము. గురువెంత గొప్పవాడైనను, పునాది లేనిచోట ఏడు దినములలో మేడ కట్టలేడు. కట్టునని చెప్పినవారు గురువును పొగడుటలేదు, ఆయనను అబద్ధమునకు సాక్షిగా నిలుపుచున్నారు.

కుట్టుపని యిల్లాలి కూతురు గురువుగారు ఆడి చూపిన సాయంకాలము ముందు వరుసలో కూర్చుండెను. మరునాటినుండి మా యూరి యువతివద్ద చేరినది. మొన్న మేము పోవునప్పటికి మూడవ యడుగు వేయుచుండెను. తల్లి గుమ్మమున నిలిచి చూచుచు మమ్ము పలుకరించెను. “పళ్ళెం ఎప్పుడెక్కుతుందని మాత్రం అడగనండి. అదే చెప్తుంది లెండి” అని నవ్వెను.